తెలియని ప్రశ్నకు తరగతిలో చోటు

(కడపలో, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది డీఎస్సీ కోసం ఏళ్లతరబడి చదివినవాళ్లు. కోచింగ్ సెంటర్లలో కూర్చున్నారు, అద్దె గదుల్లో వండుకుతిన్నారు, "ఇంకా ఎన్నాళ్లు చదువుతావు?" అనే బంధువుల మాటలు పడ్డారు. చివరికి సాధించారు. మీకు మనస్ఫూర్తిగా అభినందనలు.

బతికినన్నాళ్లూ నేర్చుకునే అలవాటు పిల్లలకు బడిలోనే ఎట్లా చేయాలో చెప్పమని నన్ను పిలిచారు. నా దృష్టిలో మన ఉద్యోగంలో అసలు పని ఇదే. సిలబస్ పూర్తి చేయడం దాని తర్వాతే.

పదో తరగతి పరీక్షల ఆఖరి రోజు సెంటరు బయట జరిగేది మీరంతా చూసే ఉంటారు. పేపరు రాసి గేటు దాటిన పిల్లలు గైడ్లు, నోట్సులు చింపి గాల్లోకి ఎగరేస్తారు. రోడ్డంతా కాగితాలే. చూసినవాళ్లు అల్లరి పిల్లలు అనుకుంటూ పోతారు. నాకు మాత్రం ఆ కాగితాలు చూస్తే గుండె కలుక్కుమంటుంది. ఎందుకంటే, పదేళ్ల పాటు మనం చెప్పిందే ఆ పిల్లలు నమ్మారు. "ఇది ఇంపార్టెంట్, అండర్‌లైన్ చేసుకోండి", "ఇది పరీక్షకు రాదు, వదిలేయండి", "ఈ బిట్టు గ్యారంటీ". రోజూ ఇవే మాటలు వింటే పిల్లవాడికి ఏం అర్థమవుతుంది? చదువు అంటే పరీక్ష. పరీక్ష అయిపోయింది, ఇక చదువుతో పని లేదు. వాళ్లు మనకు ఎదురు తిరిగి ఆ పుస్తకాలు చింపలేదు, మనం నేర్పిన లెక్క ప్రకారమే చింపారు.

బడి బయట మన సీమ జనం ఎట్లా బతుకుతున్నారో ఒకసారి చూడండి. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు పనికి పోయిన ఆడవాళ్లు ఎంతమంది! పక్క మండలం కూడా సరిగా చూడని మనిషి అక్కడికి పోయి అరబ్బీలో మాట్లాడటం నేర్చుకుంటుంది, పేరు కూడా తెలియని వంటలు చేస్తుంది, ఇంటికి డబ్బు పంపే పద్ధతి తెలుసుకుంటుంది. అనంతపురం వైపు తాతల కాలం నుంచి వేరుశనగే వేసిన రైతు చీనీ (బత్తాయి) తోట పెట్టి, డ్రిప్పు పైపుల్లో ఎరువు ఎంత కలపాలో, ఎప్పుడు వదలాలో పట్టుకున్నాడు. వీళ్లకు ఎవరూ బ్లాక్‌బోర్డు మీద రాసి చెప్పలేదు. అవసరం నేర్పింది. కానీ ఆ దారిలో వాళ్లు పడిన నష్టం, మోసపోయిన డబ్బు, అర్థంకాని కాగితం మీద పెట్టిన వేలిముద్ర, ఇవన్నీ మన బడి తగ్గించగలిగినవే. అందుకే ఈ విషయం నాకు అంత ముఖ్యం.

నా మిత్రుడొకాయన పులివెందుల వైపు పల్లెలో లెక్కల మాస్టారు. నిష్పత్తి పాఠాన్ని పురుగుమందు లేబుల్‌తో మొదలుపెట్టేవాడు. డబ్బా బడికి తేవద్దని, అసలు ముట్టుకోవద్దని ముందే గట్టిగా చెప్పి, ఇంట్లో పెద్దవాళ్ల చేత ఫోన్లో లేబుల్ ఫోటో తీయించుకుని రమ్మనేవాడు. ఆ లేబుల్ మీద మూల మీద నిలబెట్టినట్టు ఒక చతురస్రం ఉంటుంది, దాని కింది సగం త్రికోణంలో ఒక రంగు ఉంటుంది. ఎరుపు అయితే అన్నిటికంటే ఎక్కువ విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అయితే అన్నిటికంటే తక్కువ. చాలా ఇళ్లలో ఆ రంగు అర్థం ఎవరికీ తెలియదు. తర్వాత బోర్డు మీద లెక్క: లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్ల మందు అని రాసుంది, స్ప్రేయర్ ట్యాంకు 16 లీటర్లది, ఎంత మందు పోయాలి? 32 మిల్లీలీటర్లని పిల్లలు టక్కున చెప్పేశారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మా నాయన కొలిచేది లేదు సార్, మూతతో పోస్తాడు" అంది.

మూతలో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయి? తరగతిలో ఎవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు. మరునాడు మెడికల్ షాపు నుంచి కొత్త సిరంజి ఒకటి తెప్పించి, నీళ్ల సీసాల మూతలు రకరకాలవి తెచ్చి, నీళ్లతో కొలిపించాడు. ఒక్కో మూత ఒక్కో కొలత. మూత లెక్కన పోస్తే ఒక ట్యాంకులో మందు చాలదు, ఇంకో ట్యాంకులో ఎక్కువవుతుందని పిల్లలే తేల్చారు. ఆ పిల్ల ఇంటికి పోయి నాయనకు చెప్పింది, ఆ ఇంట్లోకి కొలిచే గ్లాసు వచ్చింది. నిష్పత్తి పాఠం పరీక్షలో ఎన్ని మార్కులకు వస్తుందో ఆ పిల్ల మర్చిపోవచ్చు. తెలియనిదాన్ని కొలిచి తెలుసుకోవచ్చన్న సంగతి మాత్రం మర్చిపోదు.

ఇక్కడ గమనించమని కోరేది ఒకటే. "మూతలో ఎంత పడుతుంది?" అన్నప్పుడు ఆ మాస్టారు "అదంతా మనకెందుకు, లెక్క చూడండి" అనలేదు. "నాకూ తెలియదు, రేపు చూద్దాం" అన్నాడు, రేపు నిజంగానే చూశాడు. మనం నేర్చుకోవడం పిల్లల కళ్లముందు జరగాలి. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నదంతా దాదాపు ఇదే.

నేను జమ్మలమడుగు వైపు పనిచేసేటప్పుడు ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు అడిగాడు: "సార్, గండికోట కాడ బండ మింద నీళ్ల గీతలు ఉండాయి. రాతి మింద అలలు యాడినుంచి వచ్చినాయి?" ఆ రోజు నా పాఠం వేరే. పరీక్షలు దగ్గరపడ్డాయి. అయినా ఆ ప్రశ్న వదలబుద్ధి కాలేదు. మా తరగతిలో తలుపు పక్కన మేకుకు దారంతో కట్టి ఒక నోటుబుక్కు వేలాడేది. జవాబు తెలియని ప్రశ్నలు రాసుకునే పుస్తకం. అడిగిన పిల్లవాడి పేరుతో సహా అందులో రాయించాను.

కొన్నాళ్లకు మైలవరం డ్యాము నుంచి పెన్నలోకి నీళ్లు వదిలారు. నీళ్లు తగ్గాక ఇద్దరు పిల్లలు ఇసుక మీద సరిగ్గా అట్లాంటి గీతలే చూసొచ్చారు. అంటే బండ ఒకప్పుడు ఇసుకేనా? ఇంట్లోంచి స్టీలు బేసిన్ తెచ్చి, అందులో సన్నటి ఇసుక పోసి, నీళ్లు నింపి మెల్లగా అటూ ఇటూ ఊపాం. గీతలు పడ్డాయి. నీళ్లు అటూ ఇటూ ఊగితే గీత రెండు వైపులా ఒకే వాలుగా ఉంటుంది. ఒకే దిక్కుకు పారితే ఒక వైపు మెల్లగా వాలి, ఇంకో వైపు నిటారుగా దిగుతుంది. వేలితో తడిమితే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆదివారం గండికోట పోయినవాళ్లు ఫోటో దిగి రాలేదు, బండల్ని వేళ్లతో తడిమి వచ్చారు.

అప్పుడు చెప్పాను వాళ్లకు, మనం నిలబడిన ఈ నేల ఒకప్పుడు సముద్రమని. గండికోట రాయి ఆ నీళ్లలో పేరుకున్న ఇసుకే, గట్టిపడి రాయి అయింది. వేంపల్లె చుట్టుపక్కల రాళ్లలో పొరలు పొరలుగా కనిపించే గుండ్రటి ఆకారాలు సూక్ష్మజీవులు ఆ సముద్రంలో కట్టినవి, వాటి వయసు 180 కోట్ల ఏళ్ల పైమాటే. భూగర్భ శాస్త్రంలో ఈ రాళ్ల సముదాయానికి కడప పేరే ఉంది. తమ ఊరి పేరు సైన్సు పుస్తకాల్లో ఉందని తెలిసినప్పుడు ఆ పిల్లల ముఖాలు మీరు చూసి ఉండాల్సింది.

ఆ నోటుబుక్కులో చాలా ప్రశ్నలకు ఏడాది చివరికి కూడా జవాబు దొరకలేదు. దొరకనివ్వండి, దొరక్కపోనివ్వండి. తెలియని ప్రశ్న తప్పు కాదని, దానికి తరగతిలో చోటు ఉందని పిల్లలకు తెలియాలి. ఒక్క జాగ్రత్త చెబుతాను. "తెలియదు" అని వదిలేస్తే అది బద్ధకం కిందకు వస్తుంది. తెలియదు అన్నాక ఎక్కడ వెతుకుతాం, ఎవరిని అడుగుతాం, ఎట్లా సరిచూసుకుంటాం అన్నది కూడా పిల్లల ముందే జరగాలి.

ఇక ప్రశ్న అడిగే తీరు. మనం ప్రశ్న వేస్తాం, ముందు బెంచీలో ముగ్గురు చేతులెత్తుతారు, వాళ్లలో ఒకరు చెప్పేస్తారు, మనం "వెరీ గుడ్" అని ముందుకు పోతాం. మిగతా ముప్పై మంది? మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో తరగతుల్ని రికార్డు చేసి విన్నారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగుతున్నది సగటున ఒక్క సెకను. అదే మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు నోరు తెరిచారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేయడం పెరిగింది. మూడు సెకన్లు ఎంత సేపు చెప్పండి? కానీ బోర్డు ముందు నిలబడితే ఆ నిశ్శబ్దం భరించలేం, టెన్షన్ వస్తుంది. మనమే జవాబు చెప్పేస్తాం. రేపు మీ తరగతిలో ప్రశ్న వేసి, మనసులో ఒకటి, రెండు, మూడు అని మెల్లగా లెక్కపెట్టండి. "అర్థమైందా?" అని అడిగి, "అయింది సార్" అని అందరి చేతా కోరస్‌గా అనిపించుకోవడం మానేయండి. అందులో సమాచారమేమీ లేదు.

ఎట్లా నేర్చుకోవాలో మనం పిల్లలకు ఎప్పుడూ చెప్పం. "బాగా చదవండి" అంటాం. బాగా అంటే ఎట్లా? పొద్దున, సాయంత్రం స్టడీ అవర్లో పదో తరగతి పిల్లలు ఊగుతూ పెద్దగా చదువుతుంటారు. గొంతు పోతుంది, వారానికి సగం మర్చిపోతారు, "నాకు బుర్ర లేదు సార్" అంటారు. ఆ మాట వింటే నాకు చాలా బాధ. బుర్రలో లోపం లేదు, పద్ధతిలో ఉంది.

2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటుంది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, కాగితం పక్కన పెట్టి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారైంది: పుస్తకం మూసి రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం. మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది, ఆ అనిపించడమే మోసం. అందుకని స్టడీ అవర్లో ఒక పద్ధతి పెట్టండి. పావుగంట చదివాక పుస్తకం మూయించండి. తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయమనండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో వాళ్లనే కలుపుకోమనండి. మార్కులు వేయొద్దు. రెండు రోజులాగి అదే పాఠం మీద మళ్లీ ఒకసారి. ఈ పద్ధతి ఒకసారి చేతికి అలవాటైతే, రేపు ఆ పిల్ల నర్సింగ్ చదివినా, ఆ పిల్లవాడు ఐటీఐలో చేరినా, నలభై ఏళ్లకు కొత్త మిషను పని నేర్చుకోవాల్సి వచ్చినా పనికొస్తుంది.

మన ఊరి చరిత్రలో దీనికి పెద్ద సాక్ష్యాలున్నాయి. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చేనాటికి ఇరవై రెండేళ్లు నిండలేదు. ఇక్కడి పండితుల దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకున్నాడు, వేమన పద్యాల ప్రతులు వెతికించాడు, 1829లో అచ్చు వేయించాడు. ఆయన తెలుగు నిఘంటువు వెలువడింది 1852లో. అంటే ముప్పై ఏళ్లకు పైగా ఆ మనిషి విద్యార్థిగానే ఉన్నాడు. పుట్టపర్తి నారాయణాచార్యులు గారు ఇదే కడపలో తెలుగు పండితుడిగా బడి పిల్లలకు పాఠాలు చెప్పారు, 14 భాషలు నేర్చుకున్నారు. ఆయన కూడా మనలాగే హాజరు పట్టీ పట్టుకుని తరగతికి పోయిన మనిషేనని నేను మా పిల్లలకు చెప్పేవాణ్ణి.

పెద్దవాళ్ల సంగతి అట్లా ఉంచండి. కడప టౌన్లో నాకు తెలిసిన ఒక సార్ లెక్కలు చెప్పేవారు. తరగతిలో ఉర్దూ ఇంట్లో మాట్లాడే పిల్లలు చాలామంది. వాళ్లు తమలో తాము మాట్లాడుకోవడం విని, "నాకూ రాయడం నేర్పండమ్మా" అన్నారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఏడో తరగతి అమ్మాయి ఒకతె బోర్డు దగ్గర నిలబడి, కుడి నుంచి ఎడమకు రాసి చూపించేది. అలిఫ్, బే, పే, తే. బేకు కింద ఒక చుక్క, పేకు కింద మూడు, తేకు పైన రెండు. సార్ పేకు చుక్కలు పైన పెట్టేసేవారు. "కింద సార్, కింద" అని ఆ పిల్ల దిద్దేది. తరగతి అంతా చూసేది. లెక్కల్లో ఎప్పుడూ బోర్డు దగ్గరకు రాని పిల్ల అది. సార్ తప్పు రాస్తారు, చెరిపి మళ్లీ రాస్తారు, సిగ్గుపడరు అని చూశాక, భిన్నాల లెక్క తప్పుపోయినా తనూ బోర్డు దగ్గరకు వచ్చి చేయడం మొదలుపెట్టింది. నిజాయితీగా చెబుతున్నా, నేను విన్న ఏ శిక్షణ తరగతిలోనూ ఇంత మంచి పాఠం దొరకలేదు. మీరూ ఏదో ఒకటి కొత్తగా మొదలుపెట్టండి. హార్మోనియం కావచ్చు, కంప్యూటర్ కావచ్చు, కన్నడం కావచ్చు. కానీ పిల్లలకు తెలిసేలా మొదలుపెట్టండి.

లైబ్రరీ గురించి ఒక మాట. కర్నూలులో 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు స్వాతంత్ర్యం కోసం జైలుకు పోయారు, ఆ తర్వాత గ్రంథాలయాల కోసం, వయోజన విద్య కోసం జీవితం పెట్టారు. అటువంటి మనిషి పుట్టిన సీమలో బడి బీరువాకు తాళం వేసి ఉండకూడదు. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టర్‌లో ఏం రాయాలి, ఆడిట్‌లో ఏమంటారు అని భయం. ఆ భయం నాకూ తెలుసు. హెడ్మాస్టరుతో మాట్లాడి, పిల్లల్లోనే ఇద్దరికి బాధ్యత ఇచ్చి, ఒక నోటుబుక్కు పెట్టి, పుస్తకాలు ఇంటికి పోనివ్వండి. చిరిగిన పుస్తకం అంటే ఎవరో చదివారని అర్థం. ఫోన్ విషయంలోనూ అంతే. యూట్యూబ్ చూడొద్దంటే చూడకుండా ఉండరు. ఒకే విషయం మీద రెండు వీడియోలు వేర్వేరుగా చెబితే ఏది నమ్మాలో, ఎట్లా తేల్చుకోవాలో పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని నేర్పండి.

చివరగా, నేర్చుకునే దారి మూసుకుపోయినవాళ్ల గురించి. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత కర్నూలు జిల్లాలో 60 శాతం, అనంతపురంలో 64 శాతం, కడపలో 67 శాతం దగ్గర ఉంది. అంటే మన పిల్లల ఇళ్లలో చదవడం రాని అమ్మలు, జేజిలు (నాయనమ్మలు) ఇంకా ఉన్నారు. పదిహేనేళ్లు దాటి చదువు రానివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి ఉల్లాస్ అనే కార్యక్రమం నడుపుతోంది. అందులో చదువు చెప్పేది వాలంటీర్లే. మీ తొమ్మిదో తరగతి పిల్లలు ఇంట్లో జేజికి సంతకం పెట్టడం, బస్సు బోర్డు చదవడం నేర్పితే ఇద్దరికీ మేలు. పక్కవాళ్లకు చెప్పాల్సి వస్తే తప్ప మనకు ఎంత వచ్చో మనకే తెలియదు.

పది ఫెయిలయ్యాక ఇంట్లో కూర్చున్న పిల్లలు, పెళ్లి చేసేస్తే మధ్యలో మానేసిన అమ్మాయిలు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్ల పేర్లు మీ బడి రికార్డుల్లోనే ఉన్నాయి. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా రోజూ బడికి రాకుండానే పది రాయొచ్చని చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లకు ఫారం నింపడం తెలియదు. ఈ వారంలో హెడ్మాస్టరును అడిగి గత మూడేళ్ల జాబితా తీసుకోండి. ఊళ్లోకి పోయి ఒక్కో ఇంటి తలుపు తట్టండి. అమ్మాయితోనే కాకుండా అత్తగారితో, నాయనతో కూర్చుని మాట్లాడండి. మొదటిసారి "ఇప్పుడెందుకులే సార్" అంటారు. అడ్మిషన్లకు చివరి తేదీ లోపల ఇంకోసారి పోండి. ఫారం, ఫోటోలు, ఆధార్ జిరాక్సు మీ బ్యాగులో పెట్టుకునే పోండి. పరీక్ష ఫీజు కట్టలేని ఇల్లయితే స్టాఫ్ రూములో నలుగురం వేసుకుంటే సరిపోతుంది, మా బడిలో అట్లాగే చేసేవాళ్లం.

ఇప్పుడు మీరు అడగండి. వెనక వరసలో ఉన్నవాళ్లతో మొదలుపెడదాం.